రాజ్యము పోయినను చేవ్రాలు పోలేదు

బొల్లాపల్లి మొదలగు మా పల్నాటి గ్రామములకు ఉత్తరమున కృష్ణానది. దాని యావలి యొడ్డు 1948 వఱకు నిజాము రాజ్యము. ఆ యేటి సెప్టెంబరు 17న హైదరాబాదు లొంగిపోయెను. 22న నిజాము భద్రతాసమితి యెదుటనున్న ఫిర్యాదును ఉపసంహరించుకొనుచు తంతి నంపెను. రాయబారుల పని ముగిసెను. కాని, 20వ తేదీననే రాయబారవర్గ నాయకుడు మొయిన్ నవాజ్ జంగు ఉత్తరువుపై, లండను బ్యాంకులోని 10,07,940 పౌనులు పాకిస్తాను హైకమిషనరు ఖాతాకు చేరెను.

నిజాము మరల నడిగెను. 1957లో ప్రభువుల సభ వినజాలమనెను. 2019లో గాని తీర్పు ఆయన వారసులకును భారతదేశమునకును అనుకూలము కాలేదు. రాయబార కార్యాలయము నొక్కనాడు మూయవచ్చును. రాజ్యధనము నొక్కని చేవ్రాలునకు విడిచిన తప్పును దిద్దుటకు డెబ్బదియొక్క యేండ్లు పట్టెను. మన సంఘములును, సభలును దీనిని మఱువరాదు.