వెయ్‌చీ: పటం మీద ఆట, చరిత్రలో పాఠం

1962 యుద్ధానంతరం చైనాను లోతుగా అర్థం చేసుకోవలసిన ఆవశ్యకత ఢిల్లీకి తెలిసివచ్చింది. 1964లో ఢిల్లీ విశ్వవిద్యాలయంలో చైనా అధ్యయన కేంద్రం ఏర్పడింది. భాషా చరిత్రల పరిశీలన అలా సాగుతుండగా, చైనా మనస్తత్వానికి తాళపుచెవి వెయ్‌చీ అనే ప్రాచీన క్రీడలో ఉందన్న వాదం అమెరికాలో బయలుదేరింది. 2011లో హెన్రీ కిసింజర్ చైనాపై వెలువరించిన గ్రంథం, 1962లో భారత సరిహద్దు విషయమై మావో తీసుకున్న నిర్ణయంతోనే ప్రారంభమవుతుంది. చైనా వ్యూహదృష్టిని ఆయన ఈ ఆటతో వివరించాడు. కనుక ఈ వాదం బలాబలాలు ఢిల్లీ పాఠకులకు అవశ్యం విచారణీయాలు.

జపాన్‌లో దీనినే ‘గో’ అంటారు. పటంపై నిలువుగా 19, అడ్డంగా 19 గీతలుంటాయి. అవి కలిసే 361 స్థానాలలో ఒకరు నల్లరాళ్లు, మరొకరు తెల్లరాళ్లు వంతులవారీగా పెడతారు. పెట్టిన రాయి కదలదు. నాలుగువైపులా దారి మూసుకుపోతేనే దానిని తీసివేస్తారు. గుడి మండపాల బండలపై పులిజూదం ఆడిన తెలుగువారికి ఇది వింత కాదు. అక్కడా గీతలు కలిసే చోటనే మేకలను ఒక్కొక్కటిగా నిలిపి, పులికి దారి లేకుండా కడతారు. అయితే వెయ్‌చీలో పులి లేదు, మేక లేదు. అన్ని రాళ్లూ సమానమే. చదరంగంలో రాజు చిక్కితే ఆట ముగుస్తుంది. ఇక్కడ ఇద్దరికీ కొంత భూమి మిగులుతుంది. కాస్త ఎక్కువ దక్కినవాడే విజేత. ఒక మూలను వదులుకొని మరొక మూలను నిలుపుకోవడం ఇందులో ప్రధాన విద్య. స్వల్ప నియమాలతో ఇంతటి వివేకాన్ని అలవరచడమే దీని ఆకర్షణ.

ఇంతమాత్రాన ఇది చైనా రాజనీతికి అద్దమవుతుందా? చరిత్ర అంత సులభంగా ఒప్పుకోదు. ఏ పనీ లేకుండా ఉండడం కన్నా నయమని మాత్రమే కన్ఫ్యూషియస్ దీనిని అంగీకరించాడు. తల్లిదండ్రుల పోషణ మరచి ఆటలలో, మద్యంలో మునిగిపోవడాన్ని మెన్షియస్ పుత్రదోషాలలో చేర్చాడు. తాంగ్ చక్రవర్తుల కాలంలో మాత్రం ఆస్థానంలో ఈ క్రీడానిపుణులకు ప్రత్యేక పదవి ఉండేది. 17వ శతాబ్దం నుంచి జపాన్‌లో తోకుగావా ప్రభుత్వం నాలుగు క్రీడాకుటుంబాలకు భృతి ఇచ్చి పోషించగా, ఆట అక్కడ శాస్త్రస్థాయికి ఎదిగింది. సాంస్కృతిక విప్లవకాలంలో చైనా స్వయంగా దీనిని చిన్నచూపు చూసింది. యువ క్రీడాకారుడు నియె వెయ్‌పింగ్‌ను ఈశాన్య సీమలోని వ్యవసాయక్షేత్రానికి పంపింది. ఆయనే 1985లో ముగిసిన చైనా-జపాన్ పోటీలో జపాన్ జట్టులోని చివరి ముగ్గురిని వరుసగా ఓడించి జాతీయ వీరుడైనాడు.

ఒకే దేశం ఒకే క్రీడను వ్యసనమనీ, విద్య అనీ, పనికిమాలినదనీ, జాతి ప్రతిష్ఠ అనీ వేర్వేరు కాలాలలో భావించిందంటే, ఆ క్రీడలో మార్పులేని జాతిస్వభావాన్ని వెతకడం యుక్తం కాదు. చదరంగానికి పుట్టినిల్లయినంత మాత్రాన భారతదేశ విదేశాంగనీతిని అరవైనాలుగు గళ్లలో ఎవరూ చదవరు కదా!

వెయ్‌చీ నేర్వదగినదే. తొందరపాటును అణచి, పటమంతటినీ ఒక్కసారిగా చూడగల దృష్టిని అది ఇస్తుంది. కాని పటం మీద పల్లెలు, పంటలు, మనుషులు ఉండరు. సరిహద్దు మీద ఉంటారు. రాళ్లను లెక్కించే నేర్పుతో పాటు ఈ భేదాన్ని గుర్తించే వివేకం కూడా పాలకులకు అవసరం.