తోలుబొమ్మ నుంచి ఈగ దాకా

మేం చదువుకునే రోజుల్లో ముమ్మిడివరం నుంచి కాకినాడ వెళ్లాలంటే ఎదుర్లంక రేవులో పంటు ఎక్కి, గోదావరి దాటి, యానాం మీదుగా వెళ్లాలి. ఆ కాకినాడ దగ్గరే మాధవపట్నం ఉంది. తోలుబొమ్మలాట కళాకారుల ఊరు అది. కంప్యూటర్ యానిమేషన్ సినిమాలు ఎలా తీస్తారని పిల్లలు అడిగితే నేను అమెరికా నుంచి మొదలుపెట్టను, మాధవపట్నం నుంచి మొదలుపెడతాను.

తోలుబొమ్మ చేసేవారు ముందుగా మేకతోలును వెలుతురు దూరేంత పలచగా శుభ్రం చేస్తారు. దాని మీద బొమ్మ గీసి, కత్తిరించి, రంగులద్దుతారు. చేతులు, కాళ్లు విడిగా చేసి కీళ్ల దగ్గర దారంతో కడతారు. కర్రలు బిగించి ఆడిస్తారు. వెనక దీపం, ముందు తెల్లని తెర.

కంప్యూటర్‌లో జరిగేదీ దాదాపు ఇదే వరుస. ఆకారం తయారు చేయడం మోడలింగ్. రంగు, నునుపు, గరుకు ఇవ్వడం టెక్స్చరింగ్. కీళ్లు, ఎముకలు అమర్చడం రిగ్గింగ్. ఆడించడం యానిమేషన్. దీపాలు పెట్టడం లైటింగ్. చివరికి తెర మీద పడే బొమ్మను లెక్కకట్టి తీయడం రెండరింగ్. వీటన్నిటికీ ముందు కథ, ఆ కథను వరుస బొమ్మలుగా గీసుకునే స్టోరీబోర్డు ఉంటాయి. తేడా అల్లా ఒక్కటే. అక్కడ దీపం వెలిగించగానే నీడ పడుతుంది. ఇక్కడ ఒక్కో చుక్క మీద ఎంత వెలుతురు పడాలో యంత్రం లెక్క చేయాలి.

ఈ లెక్క నేర్పినవారిలో ముఖ్యుడు ఎడ్ క్యాట్‌మల్. చిన్నప్పుడు యానిమేటర్ కావాలనుకుని, తనకు బొమ్మలు అంత బాగా రావని భౌతికశాస్త్రం, కంప్యూటర్ సైన్సు చదివాడు. 1972లో అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో విద్యార్థిగా ఉండగా తన ఎడమ చేతికి అచ్చు తీసి, దాని మీద చిన్న చిన్న త్రిభుజాలు, బహుభుజులు గీసి, ఆ కొలతలు కంప్యూటర్‌కు ఇచ్చి చెయ్యి కదిలేలా చేశాడు. తర్వాత ఆయన పిక్సార్ సంస్థ స్థాపకుల్లో ఒకరయ్యారు. 1986లో అదే సంస్థలో జాన్ లాసెటర్ రెండు టేబుల్ ల్యాంపులతో ‘లక్సో జూనియర్’ తీశాడు. కళ్లు, నోరు లేని ల్యాంపు వంగడంలో, గెంతడంలో సంతోషం, దిగులు కనిపిస్తాయి. లెక్క తెలిసినవాడు, బొమ్మ తెలిసినవాడు కలిస్తే ఏమవుతుందో ఆ రెండు నిమిషాల చిత్రం చూపించింది.

1995 నవంబరులో పూర్తిగా కంప్యూటర్‌తో తీసిన మొదటి పూర్తి నిడివి చిత్రం ‘టాయ్ స్టోరీ’ విడుదలైంది. అదే నెలలో మన దగ్గర ‘అమ్మోరు’ వచ్చింది. దర్శకుడు కోడి రామకృష్ణ వశిష్ఠకు అవతల ఉన్న పాలకొల్లు వారే. గ్రాఫిక్స్ అన్న మాట మన పల్లెల్లో వినబడడం ఆ సినిమాతోనే మొదలైంది. 2006లో బి. సత్య దర్శకత్వంలో వచ్చిన తెలుగు యానిమేషన్ చిత్రం ‘కిట్టు’కు జాతీయ అవార్డు దక్కింది. రాజీవ్ చిలక హైదరాబాద్‌లో స్థాపించిన గ్రీన్ గోల్డ్ సంస్థ నుంచి 2008లో ‘ఛోటా భీమ్’ టీవీకెక్కి దేశంలోని పిల్లలందరికీ దగ్గరయ్యాడు.

కథ నుంచి రెండర్ దాకా అన్ని మెట్లూ ఒక్కచోట చూడాలంటే 2012లో వచ్చిన రాజమౌళి ‘ఈగ’ చూడాలి. మనుషులు నటించిన సినిమాయే అయినా కథానాయకుడు మాత్రం కంప్యూటర్‌లో పుట్టినవాడు. మనిషి మీద ఈగ పగబడితే ఎలా ఉంటుందని విజయేంద్రప్రసాద్ ఎప్పుడో సరదాగా అన్న మాట ఈ కథకు మూలం. హైదరాబాద్‌లోని మకుట సంస్థ ఈగను తయారు చేసింది. ఆర్.సి. కమలకణ్ణన్ పర్యవేక్షించారు. మొదట చేసిన ఈగ దర్శకుడికి నచ్చలేదు. అప్పుడు నిజం ఈగను సీసాలో పెట్టి, ఫ్రిజ్‌లో ఉంచి, అది స్పృహ తప్పాక శక్తిమంతమైన లెన్సుతో ఫొటోలు తీశారు. వాటిని పెద్దవి చేసి చూసి, ముఖాన్ని కాస్త చూడముచ్చటగా సవరించి, మట్టితో కొత్త నమూనా చేశారు. ఈగ ముఖంలో మూడింట రెండు వంతులు కళ్లే. నవ్వలేదు, మాట్లాడలేదు. తల తిప్పడం, కాళ్లు కదపడంతోనే నటించాలి. ఇక్కడ లక్సో ల్యాంపు పాఠమే దారి చూపింది. ఎదురుగా ఏమీ లేని గాలిలోకి చూస్తూ సుదీప్ నటిస్తే, తర్వాత ఆ చూపు ఆనే చోట ఈగను పెట్టారు. ప్రత్యేక ప్రభావాలకు, ఉత్తమ తెలుగు చిత్రానికి జాతీయ అవార్డులు వచ్చాయి.

రెండరింగ్ ఎంత బరువో చిన్న లెక్కలో చెబుతాను. సినిమాకు సెకనుకు 24 బొమ్మలు. పది సెకన్లకు 240. ఒక్కో బొమ్మకు రెండు గంటలు పడుతుందనుకుంటే 480 గంటలు, అంటే ఒక్క యంత్రానికి 20 రోజులు. వంద యంత్రాలకు పంచితే అయిదు గంటల లోపే. అందుకే స్టూడియోల్లో రాత్రీ పగలూ నడిచే కంప్యూటర్ల వరుసలుంటాయి.

ఈ మెరుపు వెనక చీకటీ చెప్పాలి. ‘లైఫ్ ఆఫ్ పై’లోని పులిని సృష్టించిన రిథమ్ అండ్ హ్యూస్ సంస్థకు హైదరాబాద్‌లోనూ స్టూడియో ఉండేది. అక్కడి కళాకారులూ ఆ సినిమాకు పనిచేశారు. 2013 ఫిబ్రవరిలో ఆ పనికి ఆస్కార్ వచ్చింది. అదే నెలలో, అవార్డుకు ముందే, సంస్థ దివాలా పిటిషన్ వేసింది. వేదిక మీద ఆ మాట చెప్పబోతుంటే సంగీతం మోగించి ఆపేశారు. చివర్లో పేర్లు పడేటప్పుడు మనం కుర్చీల్లోంచి లేచిపోతాం. ఆ పేర్లలో మన పిల్లలవీ ఉంటాయి.

చివరిగా సొంత మాట ఒకటి. మా ఇంట్లో ఒక అబ్బాయి నోటుపుస్తకం వెనక పేజీల నిండా బొమ్మలు వేసేవాడు. “ముందు ఇంజనీరింగ్ చదువు, బొమ్మలు తర్వాత వేసుకోవచ్చు” అన్నది నేనే. వాడు ఇంజనీరింగ్ చదివాడు, ఉద్యోగం చేస్తున్నాడు. బొమ్మలు మాత్రం మళ్లీ వేయలేదు. నాకు ఆ రోజు ఈ పని గురించి తెలిసి ఉంటే, ఇందులో ఉన్న అన్నం గురించీ, అనిశ్చితి గురించీ రెండూ చెప్పి, నిర్ణయం వాడికే వదిలేసేవాణ్ణి.

మా తరంలో పరీక్షలు దగ్గరపడితే డ్రాయింగ్ పీరియడ్ లెక్కలకు పోయేది. పోయినందుకు సంతోషించినవాళ్లలో నేనూ ఉన్నాను. లెక్కలు వద్దనను, వాటితోనే బతికాను. కానీ ఎడమ చేతి మీద త్రిభుజాలు గీసుకున్న విద్యార్థికి రెండు పీరియడ్లూ కావలసి వచ్చాయి. ఈ స్వర్ణోత్సవానికి గుర్తుగా మన సంఘం బడిలో ఒక డ్రాయింగ్ గది ఏర్పాటు చేస్తే బాగుంటుందని నా మనవి. కాగితాలు, రంగులు, ఒక కంప్యూటర్ ఉంటే మొదలుపెట్టడానికి చాలు. మాధవపట్నం నుంచి ఒక కళాకారుణ్ణి పిలిచి, మొదటి పాఠం ఆయన చేత చెప్పిద్దాం. ఇప్పుడు ఎదుర్లంక దగ్గర వంతెన కూడా ఉంది.