పేట ఎవరిని పిలిచింది?

పేటలు వాటంతటవి పుట్టవు. ఊరు పుట్టడానికి నీరూ, నేలా చాలు. పేట పుట్టాలంటే ఎవరో ఒకరు వర్తకులను పిలవాలి. పిలిచినవాడు ఇంటి స్థలమో, దొంగల భయం లేని ప్రాకారమో, సుంకంలో తగ్గింపో, ఏదో ఒకటి ఇవ్వాలి. ఈనాడు పురపాలక సంఘాల చర్చలలో వినిపిస్తున్న 'జాబ్ మేళా', 'వ్యాపారులకు ప్రోత్సాహకాలు' అన్న మాటలు కొత్తవే కావచ్చు. వాటి వెనుక ఉన్న పద్ధతి మాత్రం చాలా పాతది. పాత కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతమైన జగ్గయ్యపేట, నందిగామలలో ఆ పద్ధతి ఎలా నడిచిందో, ఎవరికి ఏమి మిగిల్చిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. 2022లో ఈ ప్రాంతం ఎన్టీఆర్ జిల్లాలో చేరింది. జిల్లా పేరు మారినంత మాత్రాన ప్రశ్న మారలేదు.

మొదట జగ్గయ్యపేట బౌద్ధ స్తూపం దగ్గర ఆగుదాం. 1882లో జేమ్స్ బర్జెస్ అక్కడ తవ్వకాలు జరిపించాడు. దొరికిన వాటిలో రెండు మన చర్చకు ముఖ్యమైనవి. ఒకటి, ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉన్న చక్రవర్తి శిల్పం. చక్రవర్తి చెయ్యెత్తి నిలబడి ఉంటాడు, మేఘాల నుంచి చదరపు నాణేలు వానలా కురుస్తుంటాయి. పాలకుడు సంకల్పిస్తే సంపద ఆకాశం నుంచి రాలుతుందన్న భావానికి ఇంతకంటే స్పష్టమైన బొమ్మ మరొకటి ఉండదు. రెండవది, ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 20వ పాలనా సంవత్సరపు శాసనం. క్రీస్తుశకం 3వ శతాబ్దం నాటిది. వేలగిరి మహాచైత్యం తూర్పు ద్వారం దగ్గర అయిదు ఆయక స్తంభాలు నిలిపిన వ్యక్తి ఇందులో కనిపిస్తాడు. అతను రాజు కాదు, సేనాని కాదు. సిద్ధార్థుడనే పనివాడు. శాసనం అతన్ని 'ఆవేసని' అంటున్నది. శిల్పి, పనివారి పెద్ద అని పండితులు అర్థం చెప్పారు. తల్లినీ, భార్యనూ, బిడ్డలనూ కూడా అతను రాతిమీదికి ఎక్కించాడు. మరో విషయం. అతను ఈ ఊరివాడు కాదు. కమ్మకరాష్ట్రంలోని నడతూరు నుంచి వచ్చినవాడు.

నాణేల వాన కురిపించే ప్రభువూ, పొరుగు సీమ నుంచి పనికి వచ్చిన శిల్పీ ఒకే దిబ్బలో దొరికారు. ఈ ప్రాంతపు ఆర్థిక చరిత్రకు ఇవి రెండు కొసలు. మొదటి కొసను గురించి మనం చాలా రాశాం. రెండవ కొస రాతిలోనే మిగిలిపోయింది.

పదిహేను శతాబ్దాలు దాటి వద్దాం. బేతవోలు అనే ఊరి దగ్గర పేట కట్టించి, తండ్రి జగ్గయ్య పేరు పెట్టినవాడు చింతపల్లి జమీందారు వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు. బందరు నుంచి హైదరాబాదుకు పోయే దారి, నిజాం రాజ్యపు సరిహద్దు ఈ చోటును వర్తకానికి అనువుగా చేశాయి. 1790లలో ఆయన తన నివాసాన్ని అమరావతికి మార్చినప్పుడు కూడా ఇదే పద్ధతి అనుసరించాడు. వర్తకులను రప్పించి స్థిరపడమని ప్రోత్సహించాడు. ఆ కొత్త పట్టణానికి ఇటుకా రాయీ కావాలని తవ్విన తవ్వకాల్లోనే అమరావతి మహాస్తూపం శిథిలమవుతూ బయటపడింది. 1797లో కోలిన్ మెకంజీ దానిని చూసి లోకానికి తెలియజేశాడు. పేటను కట్టడంలో ప్రభువు దృష్టి ఎంత దూరం పోతుందో, ఎక్కడ ఆగుతుందో ఇక్కడ తెలుస్తుంది.

అదే ప్రభువును గురించి ఈ ప్రాంతంలో మరో కథ తరతరాలుగా చెప్పుకుంటున్నారు. దారిదోపిడీల నెపం మీద చెంచులను విందుకు పిలిచి, వచ్చినవారిని వందల సంఖ్యలో నరికించాడనీ, ఆ పాపభయంతోనే తరువాత దానధర్మాలకూ, ఆలయాలకూ పూనుకున్నాడనీ ఆ కథ సారాంశం. సంఖ్యలు చెప్పేవారిని బట్టి మారవచ్చు. కానీ ప్రజల జ్ఞాపకం ఒక సత్యాన్ని పట్టుకున్నది. వర్తకునికి ఒక పిలుపు, అడవిలో బతికేవానికి మరొక పిలుపు. బాట వర్తకానికి సురక్షితం కావాలంటే ఆ బాట పక్కన ఉన్నవాడు తప్పుకోవాలి. జమీందారు ఔదార్యాన్ని కీర్తించే చాటువులను మనం తరగతిలో అర్థాలతో సహా చెబుతాం. చెంచుల కథను 'ఐతిహ్యం' అని పక్కన పెడతాం. నలభై అయిదు నిమిషాల పీరియడులో ఏది చోటు సంపాదిస్తుందన్నది కూడా వర్గ ప్రశ్నే.

ఇంగ్లీషు పాలనలో జగ్గయ్యపేట సరిహద్దు వర్తకం మీద బతికింది. గీతకు అవతల నిజాం రాజ్యంలో 1919 నుంచి ముల్కీ నిబంధన ఉంది. పదిహేనేళ్లు నివాసం ఉంటేనే సర్కారు కొలువుకు అర్హత. గీత ఇవతల అటువంటి నిబంధన లేదు. అదీగాక నందిగామ దారిలో ఉన్న పరిటాల, దాని చుట్టుపట్ల గ్రామాలు బ్రిటిషు జిల్లా మధ్యలో ఉంటూ కూడా వజ్రాల గనుల కారణంగా నిజాం చేతిలోనే ఉండిపోయాయి. 1947లో ఆ ప్రజలు తమది స్వతంత్ర రిపబ్లిక్కని ప్రకటించుకున్నారు. 'స్థానికుడు' అన్న మాట ఎంత కృత్రిమంగా తయారవుతుందో మా ప్రాంతం కంటే బాగా చెప్పగల ప్రాంతం లేదు. ఆ మాట మీదనే 1969లోనూ, 1972లోనూ రాష్ట్రం రగిలింది. 1975లో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది.

ఆ తరువాతి పెద్ద మార్పు నీరు తెచ్చింది. సాగర్ కోసం పట్టుబట్టిన వారిలో ముక్త్యాల రాజా ప్రముఖుడు. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశాడు. 1967లో కాలువలకు నీరు వదిలారు. ఎడమ కాలువ మా మెట్ట భూములకు చేరింది. ఇది నిజమైన మేలు. కాదనే వారెవరూ లేరు. తరువాత సున్నపురాయి ఉన్నచోట, జయంతిపురంలోనూ ముక్త్యాల దగ్గరా, సిమెంటు కర్మాగారాలు వచ్చాయి. సిమెంటు యంత్రప్రధానమైన పరిశ్రమ. పెట్టుబడి ఎక్కువ, మనుషులు తక్కువ. పైగా కర్మాగారాలు వెలసిన గ్రామాలు పట్టణపు హద్దుకు అవతల ఉంటాయి. పట్టణం మీదుగా లారీలు పోతాయి; కర్మాగారం మీద ఇంటిపన్ను పట్టణానికి రాదు.

పిలిచినవాడి మీద బాధ్యత పెట్టే ప్రయత్నం చట్టాలు చేయకపోలేదు. 1959 నాటి కేంద్ర చట్టం ఖాళీలను ఎంప్లాయిమెంట్ ఎక్స్ఛేంజికి తెలియజేయమన్నది. అక్కడి వారినే తీసుకోవాలని అనలేదు. 2019లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ పరిశ్రమలలో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకివ్వాలనీ, నైపుణ్యం లేకపోతే మూడేళ్లలో నేర్పించాలనీ చట్టం చేసింది. అటువంటి హర్యానా చట్టాన్ని 2023లో అక్కడి హైకోర్టు కొట్టివేసింది. నా దృష్టిలో అసలు చిక్కు శాతంలో లేదు. స్థానికుడు ఏ పనికి, ఏ వేతనానికి, ఎంత కాలానికి అన్నది చట్టం గొంతుకు అందడం లేదు. సిద్ధార్థుడు కూడా ఈ ఊరికి పైవాడే అని మరచిపోయి బీహారు నుంచి వచ్చిన కూలీమీద కోపం పెంచుకుంటే లాభపడేది ఇద్దరికీ తక్కువ కూలి ఇచ్చేవాడే.

ఇక జాబ్ మేళా. నా దగ్గర చదివిన పిల్లలు వీటికి వెళుతున్నారు. పొద్దుటే సర్టిఫికెట్ల ఫైలుతో బస్సెక్కి, సాయంత్రం ఎంపికైనట్టు కాగితంతో తిరిగి వస్తారు. చాలా ఉద్యోగాలు దూరపు నగరాలలో ఉంటాయి. గది అద్దె, తిండి పోను మిగిలేదేమిటో లెక్క వేసుకుని, కొన్ని నెలలకు తిరిగి వచ్చిన వారిని నేను ఎరుగుదును. మేళా వద్దని నా వాదన కాదు. నిరుద్యోగి ముందు తెరిచిన ఏ తలుపునూ మూయమనే హక్కు జీతగాడినైన నాకు లేదు. కానీ మర్నాటి ప్రకటనలో వచ్చినవారు ఇందరు, ఎంపికైనవారు ఇందరు అని ఉంటుంది. ఏడాది తరువాత నిలిచినవారు ఇందరు అన్న అంకె కనిపించడం అరుదు.

పురపాలక సంఘానికి అధికారాలు తక్కువ. పెట్టుబడి రాయితీలు రాష్ట్రం చేతిలో ఉంటాయి. అయినా ఒక పుస్తకం తెరవడం సంఘం చేతిలో ఉంది. ఎవరికి ఏ రాయితీ ఇచ్చాం, అతను ఎందరికి పని ఇచ్చాడు, ఎంత వేతనం, ఏడాది తరువాత ఎందరు మిగిలారు? ఈ నాలుగు గడులూ నింపి కౌన్సిలు ముందు పెట్టమని అడగడం విప్లవం కాదు, లెక్క. నందిగామలో పుట్టి బెజవాడ పురపాలక సంఘానికి అధ్యక్షుడై, 1956లో ఆంధ్రప్రదేశ్ శాసనసభకు తొలి స్పీకరైన అయ్యదేవర కాళేశ్వరరావు తన జీవితాన్ని రాసి పెట్టాడు. ప్రజాజీవితంలో ఉన్నవాడు లెక్క చెప్పాలన్న సంప్రదాయం మా నేలకు కొత్తది కాదు.

రచయితలకు ఒక మాట. భూమి మీద మనకు గొప్ప సాహిత్యం ఉంది. సుంకర, వాసిరెడ్డిల 'మా భూమి' 1947 నాటికే పల్లెపల్లెకూ పోయింది. క్వారీ గురించి, కాంట్రాక్టు కూలీ గురించి, ఎంపికైన కాగితాన్ని పెట్టెలో దాచుకున్న కుర్రవాడి గురించి మనం రాసింది దానితో తూగదు. పేటకు పేరు పెట్టుకున్నవాడు జమీందారు. పనివాడు కూడా తన పేరును, తన ఇంటివారి పేర్లను రాతిమీద పెట్టుకోగలిగాడని అదే నేల సాక్ష్యం చెబుతున్నది. ఆ రెండవ వరుసను కొనసాగించడం మన పని.