ఉత్త రొట్టె

నేను న్యూట్రిషన్ చదువులో చేరిన ఏడాదే మా ఇంట్లో ఇసుర్రాయి మూలకు పడింది. ఆ రెండిటికీ సంబంధం ఉంది. ఆ సంబంధం చెప్పాలంటే మా ఊరి నుంచి కూనూరు దాకా, అక్కణ్ణుంచి అమెరికా దాకా పోయి రావాలి.

మాది శంషాబాద్ పక్కన ఒక చిన్న ఊరు. ఇప్పుడు మిద్దె ఎక్కితే విమానాశ్రయం ప్రహరీ కనిపిస్తుంది. 2008లో అక్కడ విమానాలు దిగడం మొదలైంది. అంతకుముందు ఆ వైపు ఎక్కువగా వానకు పండే చేన్లే: జొన్న, కంది, పెసర, ఆముదం. బావి ఉన్నచోట కొంచెం వరి. నా చిన్నప్పుడు రెండు పూటలా జొన్న రొట్టె, లేదంటే గటుక. వరన్నం పండక్కో, చుట్టాలొస్తేనో. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చాక వరన్నం రోజూ పొయ్యి మీదికెక్కడం మొదలుపెట్టింది. అయినా మా అవ్వ మాత్రం రొట్టె వదల్లేదు.

1980ల చివర్లో నేను నగరంలో చదువుకోడానికి వెళ్ళాను. రోజూ బెంగుళూరు రోడ్డు మీద బస్సెక్కి, ఆరాంఘర్ దాటి, అఫ్జల్‌గంజ్‌లో దిగి ఇంకో బస్సు పట్టుకునేదాన్ని. ఎదురుగా ఉస్మానియా ఆస్పత్రి గుమ్మటాలు. వాటిని చూస్తూ నిలబడేదాన్నే గానీ, అలాంటి ఆస్పత్రుల్లో పడుకున్న రోగులే నా పాఠ్యపుస్తకంలో ఒక పేజీ అవుతారని అప్పటికి తెలియదు.

ఆ పేజీ పేరు పెల్లాగ్రా. ఎండ తగిలే చోటల్లా, అంటే చేతుల మీద, పాదాల మీద, మెడ చుట్టూ చర్మం నల్లబడి, పగిలి, పొరలుగా లేస్తుంది. విరేచనాలు పట్టుకుంటాయి. ముదిరితే దిగులు, మతిమరుపు, పిచ్చి. చివరికి చావు. 1735లో స్పెయిన్‌లో గాస్పార్ కసాల్ అనే వైద్యుడు దీన్ని గుర్తించి రాశాడు. తర్వాత ఇటలీవాళ్ళు 'గరుకు చర్మం' అనే అర్థంలో పెల్లాగ్రా అన్నారు. మొక్కజొన్న మీదే బతికే పేదల జబ్బు అది. అదే జబ్బు మన దక్కనులో జొన్న తినేవాళ్ళకు వస్తుందని మా పాఠం.

ఈ పాఠం తయారైంది మన హైదరాబాదులోనే. 1918లో నీలగిరుల్లో, కూనూరు పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లోని ఒక గదిలో రాబర్ట్ మెకారిసన్ బెరిబెరి మీద పరిశోధన మొదలుపెట్టాడు. పాలిష్ పట్టిన బియ్యం తినేవాళ్ళ జబ్బు బెరిబెరి. ఆయనే తర్వాత ఎలుకలకు మన దేశంలోని వేర్వేరు ప్రాంతాల తిండి పెట్టి తూచి చూశాడు. గోధుమ రొట్టె, పాలు, పప్పు, కూరలు ఉన్న సిక్కుల తిండి తిన్న ఎలుకలు అన్నిటికన్నా బాగా పెరిగాయి. అట్టడుగున నిలిచింది బియ్యం మీద ఆధారపడ్డ మద్రాసీ తిండి. ఆ గది పెరిగి న్యూట్రిషన్ రీసెర్చ్ లాబొరేటరీస్ అయింది. 1958లో హైదరాబాద్‌ తార్నాకకు వచ్చింది. 1969లో జాతీయ పోషకాహార సంస్థ అన్న పేరు పెట్టుకుంది.

బియ్యం దేశంలో పుట్టిన సంస్థ జొన్న దేశానికి వచ్చేసరికి ఎదురైన చిక్కుప్రశ్న పెల్లాగ్రా. చిక్కు ఎందుకంటే, ఈ జబ్బుకు మూలం నయాసిన్ అనే బి విటమిన్ లోపం. ఈ సంస్థ 1971లో అచ్చేసిన ఆహార విలువల పట్టికలు మాకు భగవద్గీతలాంటివి. అందులో వంద గ్రాముల జొన్నలో నయాసిన్ 3.1 మిల్లీగ్రాములు, మరపట్టిన బియ్యంలో 1.9. లెక్క ప్రకారం జబ్బు రావాల్సింది బియ్యం తినేవాళ్ళకు. వస్తున్నది జొన్న తినేవాళ్ళకు!

1960లో సి. గోపాలన్, ఎస్. జి. శ్రీకంటియా లాన్సెట్ పత్రికలో ఒక జవాబు ప్రతిపాదించారు. మన శరీరం ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం నుంచి కూడా నయాసిన్ తయారుచేసుకుంటుంది. దాదాపు 60 మిల్లీగ్రాముల ట్రిప్టోఫాన్‌కు ఒక మిల్లీగ్రాము నయాసిన్. జొన్న ప్రోటీన్‌లో ల్యూసిన్ అనే మరో అమైనో ఆమ్లం మరీ ఎక్కువ. ఆ ఎక్కువే ఈ తయారీని చెడగొడుతోందని వాళ్ళ వాదన. తక్కువ ల్యూసిన్ ఉన్న జొన్న రకాల కోసం వెతుకులాట కూడా జరిగింది. ప్రపంచం పట్టించుకున్న సిద్ధాంతం అది. హైదరాబాద్ పేరు పుస్తకాల్లో చూసుకుని నేను మురిసిపోయాను.

ఆ మురిపెంతోనే ఒక ఆదివారం అవ్వ ముందు కూర్చుని పాఠం అప్పజెప్పాను. జొన్న మంచిది కాదు, చర్మం పాడవుతుంది, మతి పోతుంది, ఇకనుంచి అన్నమే తిను అన్నాను. అవ్వ రొట్టె కొట్టడం ఆపలేదు.

"పటేలింట్ల తిన్లేదా బిడ్డా జొన్న రొట్టె? ఆల్లకేం రాలే. జీతగాండ్లకొచ్చేది. ఎండకాలమొస్తే చేతులు కమిలి పొరలు పొరలు లేసేది. ఒకడు పిచ్చోడై తిరిగిండు గూడ. ఆల్లది ఉత్త రొట్టె. పటేలింట్ల పప్పు, చల్ల, పుంటికూర."

నేను వినలేదు. నా దగ్గర లాన్సెట్ ఉంది, అవ్వ దగ్గర ఊరి ముచ్చట ఉంది అనుకున్నాను. చదువుకున్న పిల్ల చెప్పిందని అమ్మ జొన్నలు పట్టించడం మానేసింది. ఇసుర్రాయి జాలారు పక్కకు పోయింది. అన్నం తింటే తిన్నట్టే లేదని అవ్వ కొన్నాళ్ళు సణిగి, తర్వాత సణగడం కూడా మానేసింది.

చాలా ఏళ్ళ తర్వాత, పాఠం చెప్పే వంతు నాకు వచ్చినప్పుడు, జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ గురించి వివరంగా చదివాను. 1914లో అమెరికా ప్రభుత్వం ఆయన్ని దక్షిణాది రాష్ట్రాలకు పంపింది. అక్కడ పెల్లాగ్రా విపరీతంగా ఉంది. అంటువ్యాధి అని అందరి నమ్మకం. కాదని నిరూపించడానికి ఆయన రోగుల రక్తాన్ని తనకే ఎక్కించుకున్నాడు. ఏమీ కాలేదు. 1916లో ఎడ్గర్ సైడెన్‌స్ట్రికర్ అనే ఆర్థికవేత్తతో కలిసి సౌత్ కరోలినాలో ఏడు నూలుమిల్లు ఊళ్ళు తిరిగి, ఇంటింటి ఆదాయం, ఇంటింటి తిండి రాసుకున్నాడు. ఆదాయం పెరిగేకొద్దీ జబ్బు తగ్గుతూ పోయింది. పాలు, మాంసం కొనగలిగిన ఇళ్ళకు అది దాదాపు రాలేదు. నయాసిన్ సంగతి తేలింది ఆ తర్వాత, 1937లో.

ఆ పేజీ దగ్గర పుస్తకం మూసేసి చాలాసేపు కూర్చున్నాను. ఒకే ఊరు, ఒకే గింజ, రెండు రకాల ఇళ్ళు. మా అవ్వ చెప్పింది అచ్చంగా ఇదే. పాలల్లో నయాసిన్ తక్కువే, కానీ ట్రిప్టోఫాన్ ఉంది. పప్పులోనూ ఉంది. పటేలింటి చల్ల, పప్పు చేసిన పని అదే.

మెక్సికోలో వేల ఏళ్ళుగా మొక్కజొన్న తింటున్నా ఈ జబ్బు వాళ్ళను పీడించలేదు. అక్కడ గింజల్ని సున్నపు నీళ్ళలో ఉడికిస్తారు, అందులో ఇరుక్కున్న నయాసిన్ బయటికొస్తుంది. పక్కన చిక్కుళ్ళు తింటారు. ఐరోపావాళ్ళు గింజను తెచ్చుకున్నారు, వండే పద్ధతిని అక్కడే వదిలేశారు.

గోపాలన్‌ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ల్యూసిన్ సిద్ధాంతం తర్వాత వాదాల్లో పడింది. వేరే ప్రయోగశాలల్లో చాలాచోట్ల అదే ఫలితం రాలేదు. సైన్సులో అది మామూలే. పైగా ప్రపంచమంతా పిల్లలకు ప్రోటీన్ పొడులు పెట్టాలంటున్న రోజుల్లో, మన పిల్లలకు కరువైంది ప్రత్యేకమైన పొడి కాదు, ఇంట్లో తినే మామూలు తిండే కడుపునిండా దొరకడం లేదని గట్టిగా చెప్పినవాడు ఆయనే. పేదరికం సంగతి ఆయనకు తెలియక కాదు. లోపం ఆ చదువు నా దాకా వచ్చేసరికి జరిగింది. పరిశోధకుడు జొన్నలో ఏముందని అడిగాడు. నేను జొన్నదే తప్పని విన్నాను. రొట్టె పక్కన ఏం లేదన్న ప్రశ్న నాకు తట్టనే లేదు.

ఈ రోజుల్లో పెల్లాగ్రా మన ఆస్పత్రుల్లో అరుదు. జొన్న కథ కూడా తిరగబడింది. మా ఊరికి దగ్గర్లోనే, రాజేంద్రనగర్‌లో 1987లో మొదలైన జొన్న పరిశోధన కేంద్రం ఇప్పుడు భారత చిరుధాన్య పరిశోధన సంస్థ. 2018లో కేంద్ర ప్రభుత్వం జొన్నను, దాని తోటి చిరుధాన్యాలను పోషక ధాన్యాలని ప్రకటించింది. 2023 అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరం. ఆ ఏడాది విమానాశ్రయంలో ఎవరికోసమో ఎదురుచూస్తూ జొన్న బిస్కట్ల పొట్లం ఒకటి కొన్నాను. షుగరు, గుండె, బరువు, అన్నిటికీ మంచిదన్నట్టు రాసి ఉంది. ఆ పొట్లం ధరకు అవ్వ వారం రోజులు ఇంటిల్లిపాదికీ రొట్టెలు చేసేది. ఒకప్పుడు గింజదే తప్పన్నాం, ఇప్పుడు గింజదే మహిమ అంటున్నాం. పళ్ళెంలో మిగతా సగం అప్పుడూ కనపడలేదు, ఇప్పుడూ కనపడటం లేదు. రేషన్ బియ్యం, కారం మెతుకులతో గడిపే ఇల్లు ఈనాటి ఉత్త రొట్టె. ఆ ఇంటి జబ్బు పేరు పెల్లాగ్రా కాదు, రక్తహీనత.

అవ్వ పోయి ఇరవయ్యేళ్ళు దాటింది. నువ్వు చెప్పిందే నిజమని ఆమెతో అనే అవకాశం నాకు రాలేదు. ఇసుర్రాయి ఇంకా జాలారు పక్కనే ఉంది, దాని మీద బట్టలుతుకుతారు.

నా విద్యార్థులు ఊళ్ళకు వెళ్ళి నిన్న ఏం తిన్నారో అడిగి రాసుకొస్తారు. రొట్టె రెండు, అన్నం మూడు గరిటెలు, అని గడులు నింపుతారు. కూర, పప్పు, పాలు గడుల దగ్గర గీత కొట్టేస్తారు. గీత కొట్టొద్దని చెప్తాను. ప్రతి గడిలోనూ అక్షరాలతో రాయమంటాను: పప్పు లేదు. పాలు లేవు. కూర లేదు.