కర్ర చప్పుడు, కాగితం లెక్క

ఇల్లందు దగ్గర ఎవరో మూడు రాళ్లు పొయ్యిగా పెట్టుకొని వంట చేస్తుంటే ఆ రాళ్లే అంటుకున్నాయట. వాళ్లు భద్రాచలం పోయే యాత్రికులని కొందరంటారు, ఊరివాళ్లేనని కొందరంటారు. కథ ఎలా ఉన్నా, రాయి అంటుకోగానే గని పుట్టదు. 1871లో భారత భూగర్భ సర్వే నుంచి డాక్టర్ విలియం కింగ్ వచ్చి ఇక్కడ బొగ్గు ఉందని తేల్చాకే దానికి విలువ వచ్చింది. ఇల్లందు బొగ్గుపొరకు ఆయన పేరే పెట్టారు, కింగ్ సీమ్ అని. క్వీన్ సీమ్ కూడా ఉంది లెండి. రాజు ఒక్కడే ఉంటే బాగుండదనుకున్నారేమో.

తర్వాతి చరిత్ర క్లుప్తంగా: 1889లో తవ్వకం మొదలు, 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ పేరుతో కంపెనీ, 1945లో అది నిజాం సర్కారు చేతికి. నేను చెప్పదలచుకున్నది బాయి, అంటే గని, లోపలి సంగతి.

నేను ట్రైనీగా మొదటిసారి ఇంక్లైన్, అంటే గనిలోకి దిగే ఏటవాలు దారి, దిగిననాడు నా జేబులో డిప్లొమా సర్టిఫికెట్ ఉంది. నా ముందు నడుస్తున్న మైనింగ్ సర్దార్ చేతిలో ఇనుప పొన్ను వేసిన కర్ర ఉంది. జంక్షన్ దగ్గర ఆగి, ఎడమచేతి వేళ్లు కప్పుకు ఆనించి, కుడిచేత్తో కర్ర ఎత్తి తట్టాడు. ఖణేల్‌మంది. రెండడుగులు జరిగి మళ్లీ తట్టాడు. ఈసారి చప్పుడు బోలుగా వచ్చింది. "ఈడ డొల్ల పలుకుతాంది సార్. దిమ్మె పెట్టినంకనే ఫిల్లర్లను రానిద్దాం" అన్నాడు. ఫిల్లర్లంటే బొగ్గు ఎత్తేవాళ్లు. నాకు రెండు చప్పుళ్లూ ఒకేలా వినిపించాయి. ఆ వేళ్లతో ఆయన పట్టుకున్నది పొర అదురును అని నాకు అర్థం కావడానికి ఏడాది పట్టింది.

అప్పట్లో పనంతా తట్టా చెమ్మస్, అంటే తట్టతో, పారతో బొగ్గు ఎత్తడమే. బొగ్గులో గళ్లు గళ్లుగా దారులు కొట్టి, మధ్యలో స్తంభాలు వదిలి, చివరికి వెనక్కి వస్తూ ఆ స్తంభాలనూ తీయాలి. కప్పు ఎప్పుడు ఒరుగుతుందో సర్దారే చెప్పాలి. 1980లలో ధన్‌బాద్ గని పరిశోధన శాస్త్రవేత్తలు కప్పుకు మార్కులు వేసే పద్ధతి తెచ్చారు. పొరల మందం, పగుళ్లు, తడికి రాయి నానే తీరు, రాతి బలం, ఊట: ఈ ఐదింటికీ మార్కులు వేసి కూడితే ఎంత ఆధారం కావాలో తేలుతుంది. నేను ఆ పట్టిక చదివినప్పుడు నవ్వొచ్చింది. అందులోని చాలా సంగతులు సర్దార్‌కు తెలిసినవే, మార్కులే తెలియవు. కానీ మార్కులున్నాయి గనుకనే ఆ సంగతి ఒక మనిషి చెవి నుంచి బయటపడి, ఏ బాయికైనా పనికొచ్చే రూల్ అయింది. కర్ర దిమ్మెల స్థానంలో కప్పులోకి బిగించే రూఫ్‌బోల్టులు రావడానికి దారి పడింది.

నిపుణుడి మాట నెగ్గిన ప్రతిచోటా పని తీరే మారింది. 1975లో గోదావరిఖనిలో, నేల పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్ట్ వచ్చింది. 1983లో పొడవాటి బొగ్గు గోడను యంత్రంతో కోసే లాంగ్‌వాల్, ఆ తర్వాత ఫ్రెంచి సాంకేతిక సహకారంతో మందపాటి పొరను పేల్చి తీసే బ్లాస్టింగ్ గ్యాలరీ, 2014లో అడ్రియాల లాంగ్‌వాల్ గని. లాంగ్‌వాల్ యంత్రం ముందుకు జరిగేకొద్దీ వెనక కప్పు కూలాలి. కూలకుండా వేలాడితేనే గండం. కప్పు కూలితే ఉలిక్కిపడే మనిషికి ఇది నేర్పడం మామూలు సంగతి కాదు. కొన్ని ఫేసుల్లో, అంటే బొగ్గు కోసే చోట్ల, అనుకున్న ఉత్పత్తి రాలేదు కూడా. నా లెక్కలో తప్పు యంత్రానిది కాదు. దాన్ని నడిపేవాణ్ని, మన రాతిని కొనేముందు అడగకపోవడంలోనే ఉంది.

లెక్క తప్పితే ఏమవుతుందో గోదావరిఖని మరిచిపోలేదు. 2003 జూన్ 16న 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు చొచ్చుకొచ్చి 17 మంది పోయారు. పాత పనుల్లో నీరెక్కడుంది, మధ్య గోడ మందమెంత అన్నది సర్వే కాగితం మీద ఉండాల్సిన జ్ఞానం. అక్కడ ఎంతటి సర్దార్ చెవీ చాలదు.

1990ల మొదట్లో సింగరేణిలో కార్మికులు లక్ష దాటి ఉండేవారు. కంపెనీకి వందేళ్లు నిండేనాటికి అందులో సగం కూడా లేరు. బొగ్గు మాత్రం ఏటా 6 కోట్ల టన్నులు దాటింది, అందులో ఎక్కువ భాగం ఓపెన్‌కాస్ట్‌దే. అక్కడ కప్పే లేదు, ఇక తట్టేదేముంది? ఆ కర్ర పట్టినవాళ్లు కొత్తగూడెం, బెల్లంపల్లి, మందమర్రి క్వార్టర్ల నుంచి ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. కొత్తగా చేరిన ఇంజనీర్లకు ఒక్క మనవి: మీ కాలనీలో రిటైరైన సర్దార్ ఉంటే ఈ ఆదివారమే వెళ్లండి. డొల్ల రాయి ఎలా పలుకుతుందో ఆయన నోట విని ఫోన్‌లో రికార్డు చేసుకోండి.