రెండు జెండాల కింద హానిబాల్

1782 డిసెంబరు 7న చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేట విడిదిలో మైసూరు పాలకుడు హైదర్ అలీ కన్నుమూశాడు. వీపున లేచిన రాచపుండు ఆయన్ని బలి తీసుకుంది. కొడుకు టిప్పు అప్పుడు మలబారు వైపు ఉన్నాడు. సైన్యం చెదిరిపోకుండా హైదర్ అధికారులు పూర్ణయ్య, కృష్ణారావులు చావుకబురు దాచిపెట్టి, శవాన్ని ఖజానా పెట్టె అన్నట్టుగా కోలారుకు పంపించారు. ఇంతవరకూ చిత్తూరు వాళ్లలో చాలామందికి తెలిసిన కథే. ఆ ఏడాదే ఒక ఇంగ్లీషు యుద్ధనౌక సిబ్బంది ఆయన చెరలో పడ్డారు. దాని గురించి మన దగ్గర మాట్లాడుకున్నది తక్కువ.

ఆ నౌక పేరు హానిబాల్. యాభై ఫిరంగులది. 1779లో ఇంగ్లండులోని బక్లర్స్ హార్డ్‌లో కట్టారు. కెప్టెన్ అలెగ్జాండర్ క్రిస్టీ. 1782 జనవరిలో సుమత్రా దగ్గర అది ఒంటరిగా వస్తూ ఫ్రెంచి నౌకాదళానికి ఎదురుపడింది. ఒక్క ఓడ అంత దళంతో ఏం పోరాడగలదు? లొంగిపోయింది. కొద్దిరోజులకే, ఫిబ్రవరి 9న, ఫ్రెంచి సేనాని డోర్వ్ చనిపోగా దళం మొత్తం సఫ్రెన్ చేతికొచ్చింది.

సఫ్రెన్‌కు ఈ ఓడ కొండంత అండ. 1778లోనే పుదుచ్చేరి ఇంగ్లీషువాళ్ల పరమైంది. కోరమాండల్ తీరంలో ఫ్రెంచివాళ్లకు సొంత రేవు లేదు, మరమ్మతులు చేసుకునే చోటు లేదు. మారిషస్ చాలా దూరం. అలాంటప్పుడు తెరచాపలు, మోకులు, మందుగుండుతో సహా తయారుగా దొరికిన యుద్ధనౌకను ఎవరు వదులుకుంటారు? దళంలో అప్పటికే అనిబాల్ అనే పెద్ద ఓడ ఉంది కాబట్టి దీన్ని చిన్న అనిబాల్ అన్నారు. మోరార్ ద గాల్‌ను దానికి కెప్టెన్‌ను చేశారు. పట్టుబడి నెల తిరగకముందే, ఫిబ్రవరి 17న సద్రాస్ దగ్గర, అది తనను కట్టినవాళ్ల మీదే ఫిరంగులు పేల్చింది. ఆ తర్వాత ప్రొవిడియన్, నాగపట్నం, ట్రింకోమలి, 1783 జూన్ 20న కడలూరు యుద్ధాల్లోనూ ఇంగ్లీషు సేనాని హ్యూస్‌కు ఎదురు నిలిచింది. యూరపులో ఇంగ్లండు, ఫ్రాన్సుల మధ్య సంధి షరతులు కుదిరి అప్పటికి నెలలు గడిచాయి. కబురే ఇక్కడికి చేరలేదు.

ఓడకు కొత్త జెండా దొరికింది. మనుషులకు చెర దొరికింది. 1782 జూలై చివర కడలూరు దగ్గర సఫ్రెన్ హైదర్‌ను కలుసుకున్నాడు. ఇంగ్లీషువాళ్లతో యుద్ధంలో ఉన్న హైదరే ఫ్రెంచి దళానికి డబ్బూ తిండీ ఇస్తున్నాడు. ఖైదీలను మార్చుకుందామని సఫ్రెన్ ఇంగ్లీషువాళ్లను అడిగాడు, ఒప్పందం కుదరలేదు. వాళ్లను పోషించడం తన వల్ల కాదంటూ వందలమందిని హైదర్‌కు అప్పగించేశాడు. వాళ్లలో హానిబాల్ నావికులూ, మీసం మొలవని ఓడకుర్రాళ్లూ ఉన్నారు. వాళ్లను చిదంబరానికి, అక్కణ్నుంచి బెంగళూరుకు నడిపించారు. కుర్రాళ్లను వేరుచేసి, చివరికి శ్రీరంగపట్నం చేర్చారు.

ఆ కుర్రాళ్లలో జేమ్స్ స్కర్రీ ఒకడు. బలవంతంగా తమ మతం మార్చారనీ, సైనిక కవాతు నేర్పారనీ తర్వాత చెప్పుకున్నాడు. 1784 మార్చిలో టిప్పుకూ ఇంగ్లీషువాళ్లకూ మధ్య మంగళూరు సంధి జరిగి చాలామంది ఖైదీలు విడుదలయ్యారు, ఈ కుర్రాళ్లలో చాలామంది మాత్రం అక్కడే ఉండిపోయారు. స్కర్రీ తప్పించుకునేసరికి పదేళ్లు గడిచాయి. అతని అనుభవాలు 1824లో లండన్‌లో పుస్తకంగా వచ్చాయి.

సఫ్రెన్ గొప్ప సేనాని, సందేహం లేదు. సొంత రేవు లేని ఈ తీరంలో నిలబడటం మామూలు పని కాదు. ఫ్రాన్సు తన అణు జలాంతర్గామి ఒకదానికి కూడా ఆయన పేరే పెట్టుకుంది. కానీ తిండి పెట్టలేనని పిల్లలను పరాయి రాజు చెరకు అప్పగించడం యుద్ధనీతి కాదు. మార్పిడికి కలిసిరాని ఇంగ్లీషు అధికారులకూ ఆ పాపంలో వాటా ఉంది.