కామారెడ్డి – ఎల్లారెడ్డి సీమలో చెరకు వ్యాపారము: లాభనష్టముల విచారణ

నూతన వ్యాపారమునకు మూలధనమెంత కావలెనని ఆర్థిక చరిత్రకారులు తరచుగా ప్రశ్నింతురు. ఫలితము చేతికందువరకు ఎంతకాలము వేచియుండగలరను ప్రశ్న అంతగా వినరాదు. కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతముల చెరకు చరిత్రను పరిశీలించినచో ఈ రెండవ ప్రశ్నయే ముఖ్యమని తోచును.

ఈ సీమ పూర్వము నిజామాబాదు జిల్లాలోనిది. 2016 అక్టోబరు 11న కామారెడ్డి జిల్లా ఏర్పడినది. గత శతాబ్దారంభమున సికింద్రాబాదు–మన్మాడు రైలుమార్గము కామారెడ్డి మీదుగా పడుటతో ఆ ఊరు సరకుల కూడలియైనది. ఎల్లారెడ్డి ఆ మార్గమునకు దూరము. అచటి సరకు బండ్లపై రావలసియుండెను. ఎల్లారెడ్డి యనగా ఇచట పూర్వపు తాలూకా కేంద్రము. తరువాతి కాలమున ప్రైవేటు చక్కెర మిల్లు వెలసిన అడ్లూరు ఎల్లారెడ్డి వేరొక గ్రామము. రెంటిని ఒకటిగా భ్రమింపరాదు.

నీటి విషయమున ఈ సీమ అదృష్టము సమానముగా లేదు. 1922 నాటికి పూర్తియైన పోచారము జలాశయము ఎల్లారెడ్డి వైపు పొలములకు ఆధారమైనది. నవాబు అలీ నవాజ్ జంగు ఆధ్వర్యవమున 1923–1931 నడుమ మంజీరపై నిర్మింపబడిన నిజాంసాగరము ఇచటికి చేరువలోనిదే గాని, దాని ప్రధానకాలువ బాన్సువాడ, బోధను దిక్కునకు సాగినది. కామారెడ్డి మెట్టపొలములకు చెరువులు, బావులే గతి.

ఆ కాలువ క్రిందనే 1937లో బోధనునందు నిజాం చక్కెర కర్మాగారము స్థాపింపబడినది. జావా చక్కెర పోటీనుండి స్వదేశ పరిశ్రమను కాపాడుటకు బ్రిటిషిండియాలో 1932లో రక్షక సుంకపు చట్టము వచ్చియుండెను. హైదరాబాదు రాజ్యమున 1929లో కోటి రూపాయలతో ఏర్పడిన పారిశ్రామిక నిధి నూతన సంస్థల వాటాలు కొనుచుండెను. లాభము ఆలస్యమైనను కర్మాగారము నిలుచుటకు రాజ్యధనమే అండ.

బెల్లము వండు రైతునకట్టి అండ లేదు. చెరకు పక్వమగుటకు ఇంచుమించు సంవత్సరము పట్టును. అంతకాలము పెట్టుబడి నేలలోనే యుండును. నరికిన పిదప గడ ఆగదు. దినములు గడచినకొలది తీపి తరుగును. కావున గానుగ దొరకినను దొరకకున్నను తొందర తప్పదు. రసమును పెనమున కాచి, సున్నపు తేటవేసి, మడ్డిని తీసి, పాకము కుదిరిన క్షణమున దింపవలెను. ఒక్కింత ముదిరినచో మాడును, లేతదైనచో గడ్డకట్టదు. ఇంత శ్రమపడి సిద్ధపరచిన సరకును అందరును ఒకే ఋతువున విపణికి తెత్తురు గనుక ధర పడిపోవును. నిలువచేసి వానకాలమున అమ్మినచో మంచి ధర రావచ్చును. కాని ఆ తేమకే బెల్లము చెమ్మగిల్లి కారిపోవును. లాభమునిచ్చు కాలమే నష్టమును తెచ్చు కాలము. ఈ వ్యాపారములోని సాహసమంతయు ఇచటనే కలదని నా అభిప్రాయము.

కామారెడ్డి గంజిలోని భాషయు ఈ స్థితినే తెలుపును. అడ్తీ, దలాలి, జమా, బాకీ వంటి మాటలు ఉత్తరదేశపు వర్తకులతో, ఉర్దూ పాలనతో వచ్చినవి. అప్పుగా ఇచ్చిపుచ్చుకొనుటకు మాత్రము జనులు ‘ఉద్దెర’ యందురు. పంటకు ముందే అడ్తీదారుని యొద్ద ఉద్దెర తీసికొన్న రైతు వానకాలమువరకు వేచియుండలేడు. సరకు అతని దుకాణమునకే చేరును. వేచియుండుటలోని లాభము, దానితోపాటు కరగిపోవు భయము, రెండును వర్తకునివే. వర్తకుని దోపిడికాడనియే వ్రాయుట మనలో పరిపాటి. వాని కొట్టులోని తేమను గూడ లెక్కింపవలెను.

వాతావరణము తోడనే ప్రమాదము తీరదు. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చి 1997లో సడలింపబడిన నడిమికాలమున, బెల్లము గుడుంబాకు ముడిసరుకను కారణమున అనుమానాస్పదమైన సరకైనది. బోధను కర్మాగారము 2002లో ప్రైవేటు భాగస్వామ్యములోనికి పోయి, 2015 డిసెంబరులో మూతపడినది. కామారెడ్డి బెల్లపు విపణి దానికంటె ఎక్కువకాలము నిలిచినది.